దలీల నోట నా మాట

ముందు సీట్లో ఆ పిల్ల జుట్టును అంత బిగించి కట్టుకుంటే తలనొప్పి రాదా, చూస్తున్న నాకే నుదురు లాగుతోంది, పొద్దున్నే అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో, ఆ వయసులో నేనూ మా అక్కా ఒకే దువ్వెన కోసం కొట్టుకునేవాళ్లం, పోనీలే, బార్దోలో మెట్రో ఎక్కగానే కిటికీ పక్క సీటు దొరికింది, ఈ రోజుకు అంతవరకు మంచిదే, తొమ్మిది కూడా కాలేదు, తొందరగా వెళ్లి మాత్రం ఏం చేయాలి, ఎవరో మరిచిపోయిన గొడుగులకు చీటీలు కట్టడమేగా, ముప్పై ఒక్క ఏళ్లు బార్సిలోన్ స్టేషన్‌లో సమాచారం కౌంటర్లో కూర్చున్న ఈ మొంజియాకి చివరికి మిగిలింది పోయిన సామాన్ల గది, కిటికీ లేని గది, అక్కడ ఎవరూ ఏ దారీ అడగరు, వచ్చినవాళ్లు తమ సంచీ వంక చూస్తారు గాని నా వంక చూడరు, ఆ పిల్ల ఫోను నోటి దగ్గర పెట్టుకుని దలీలా, ముప్పై రెండో నంబరు బస్సు ఎక్కడుంది అంటోంది, పక్కింటావిడను పిలిచినట్టు ఎంత చనువో, ఊరంతా దాన్నే అడుగుతున్నా నేను మాత్రం ఈ రెండు నెలల్లో దానితో ఒక్క మాట మాట్లాడలేదు, బస్సుల కంపెనీవాళ్లు అందరి ఫోన్లలోకి ఎక్కించిన ఆ యంత్రం గొంతు తేనె పూసినట్టుంటుంది, ముప్పై రెండు ఇప్పుడే బాబ్ ఎల్ ఖద్రా దాటింది, ఏడు నిమిషాల్లో వస్తుంది అంది, సరే, అంతవరకు గడియారం చేసే పనే, ఆ తరువాత అంది, బోర్డు కింద నిలబడకండి, అక్కడ డ్రైవర్లు ఆపరు, మందుల షాపు ముందు నిలబడండి, ముందొచ్చేదాన్ని పోనివ్వండి, వెనకదానికి ఊపిరి ఆడుతుంది.

వెనకదానికి ఊపిరి ఆడుతుంది, ఆ మాట నాది, ఈ తూనిస్‌లో బస్సుకు ఊపిరాడటం గురించి నేను తప్ప ఇంకెవరూ మాట్లాడరు, ఎండాకాలం మధ్యాహ్నాల్లో బిడ్డనెత్తుకుని చెమటలు కక్కుతూ వచ్చే ఆడవాళ్లకు అద్దంలోని కన్నంలోంచి చెప్పేదాన్ని, తొందరపడకమ్మా, వెనకదానికి ఊపిరాడుతుంది అని, వాళ్లు నవ్వేవాళ్లు, ఇప్పుడు ఆ పిల్ల కూడా నవ్వింది, ముందు నా ఒళ్లు జలదరించింది, సిగ్గు లేకుండా సంతోషం కూడా వేసింది, ముందుకు వంగి దాని భుజం తట్టి అది నేనేనమ్మా అని చెప్పాలనిపించింది, చెబితే ఏమనుకుంటుంది, పిచ్చిదనుకుని సీటు మారుతుంది, ఆ సంతోషం ఒక్క స్టాపు దూరం కూడా నిలవలేదు, ఎందుకంటే కౌంటర్లో నేను చెప్పినవన్నీ గాలికి పోయిన మాటలు, విన్నవాళ్లు బస్సెక్కి మరిచిపోయిన మాటలు, గాలికి పోనివ్వకుండా పట్టుకున్నది ఒక్కతే, ఖులూద్.

ఖులూద్ మొదటి రోజు తడిసిన జుట్టుతో వచ్చింది, అంత వానలో తల మీద గుడ్డ కూడా లేదు, ఆఫీసువాళ్లు పంపారు పిన్నీ, నీ పక్కన కూర్చుని పని నేర్చుకోమన్నారు అంది, మేడమ్ అనలేదు, పిన్నీ అంది, ఊరు బేజా, ఇక్కడ హల్ఫావిన్‌లో ఒక చిన్న గదిలో ఉంటోంది, ఇరవై ఆరేళ్లు, తల్లి లేదు, నాకు అది చాలదూ, మర్నాటి నుంచి డబ్బాలో ఇద్దరికి సరిపడా మలూఖియా కూర, ఇద్దరికి రొట్టె, పండుగకు ఖర్జూరం పెట్టి మక్రూదులు చేస్తే ముందు దాని వాటా తీసి పక్కన పెట్టేదాన్ని, కట్టుకున్నవాడికి అడుగున మాడినవి, ఆ పిల్లకు పైన మెరిసేవా అని బషీర్ మూతి ముడిచేవాడు, అది తిని వేళ్లు నాక్కుని ఫోను కౌంటరు మీద వెల్లకిలా పెట్టేది, తెర మీద ఎర్ర చుక్క వెలుగుతూ ఉండేది, మాటలు రికార్డవుతున్నాయని గుర్తు, ఎందుకే ఇదంతా అంటే, నీకు తెలిసినవి ఏ పుస్తకంలోనూ లేవు పిన్నీ, నువ్వు రిటైరైతే నీతోనే పోతాయి, కంపెనీ పుస్తకం వేస్తుందట, అట్ట మీద నీ ఫొటో ఉండాలని గట్టిగా చెప్పాను అంది, ఆ ఫొటో కోసం నేను జుట్టుకు గోరింటాకు కూడా పెట్టించుకున్నాను, తలచుకుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి, ఆర్నెల్లు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, ఇంకా చెప్పు పిన్నీ, ఇంకా చెప్పు అనేది, ముప్పై ఒక్క ఏళ్లలో అందరూ నన్ను తొందరగా చెప్పమన్నవాళ్లే, ఇంకా చెప్పమన్నది అదొక్కతే, ఇంట్లో నేను నోరు తెరిస్తే బషీర్ రేడియో గొంతు పెంచుతాడు, మరి నేను చెప్పనా, చెప్పాను, ఏ డ్రైవరు ఎక్కడ కాఫీకి ఆపుతాడో, ఏ స్టాపులో వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో, పరీక్షల రోజుల్లో ఏ బస్సు పావుగంట ఆలస్యమో, అన్నీ చెప్పాను, చలికాలం పోయాక ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి కౌంటరు అద్దానికి లోపలి నుంచి పెద్ద కాగితం అంటించి ఉంది, చెవులకు ఫోను తగిలించుకుని నవ్వుతున్న పడుచుపిల్ల బొమ్మ, ఇక మీదట దలీలను అడగండి అని కింద రాత, నా కుర్చీలో వేసుకునే దిండు తీసి బయట బెంచీ మీద పెట్టారు, ఎవరో ముసలాయన దాని మీద కూర్చుని ఉన్నాడు, ఖులూద్ ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు, ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది, మూడో రోజు ఒక ముక్క పంపింది, మీటింగులో ఉన్నాను పిన్నీ, నేనే చేస్తాను అని, ఆ మీటింగు రెండు నెలలుగా నడుస్తూనే ఉంది.

సరే, ఏమేం పట్టుకుపోయిందో చూద్దాం అనిపించింది, దొంగ వదిలేసిన సంచీ విప్పి చూసుకున్నట్టు, సంచీలోంచి ఫోను తీశాను, కంపెనీ మా అందరి ఫోన్లలోనూ దలీలను పెట్టింది, ఒక మూల నీలం బొమ్మ, దాన్ని నొక్కి, పక్కన కూర్చున్నాయన చూస్తున్నాడేమోనని కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాను, జెల్లాజ్ శ్మశానానికి ఎలా వెళ్లాలి, వెంటనే చెప్పింది, ఫలానా బస్సు ఫలానా చోట ఉంది, ఎనిమిది నిమిషాలు, పెద్ద గేటు దగ్గర దిగకండి, ఒక స్టాపు ముందుకు వెళ్లి వెనక గేటు దగ్గర దిగండి, అటువైపు ఎత్తు తక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మేలు, అవి మా అమ్మ సమాధి దగ్గరకు వెళ్లివెళ్లి అరిగిపోయిన నా మోకాళ్లు, వాటిని కూడా వదల్లేదు, ఇంకోటి అడిగాను, ఇంకోటి, పెద్దాసుపత్రికి వెళ్లే దారిలో ఏ మలుపులో బస్సు కుదుపుతుందో, కడుపుతో ఉన్నవాళ్లు ఎటు పక్క కూర్చోవాలో, అన్నిటికీ నా మాటే, నా వరసే, ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, బస్సు ఈ క్షణాన ఎక్కడుందో నాకెప్పుడూ తెలిసేది కాదు, వస్తుందమ్మా, వచ్చేస్తుంది అనేదాన్ని, దానికి తెలుసు, అబద్ధం చెప్పాల్సిన అవసరం దానికి లేదు, అదే నాకు ఎక్కువ మండింది, ఆ మంటలోనే ఇంకా ఏం చెప్పాను, ఇంకా ఏం చెప్పాను అని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒకచోట మనసు ఠక్కున ఆగిపోయింది, వసీలా.

వసీలా సంగతి కూడా చెప్పాను, ఎర్ర చుక్క వెలుగుతుండగానే చెప్పాను, ఖులూద్ రాకముందటి శీతాకాలం ఆమె నా కౌంటరు ముందు చాలాసేపు నిలబడింది, ఏమీ అడగకుండా, ఆకుపచ్చ కోటు, నల్ల కళ్లద్దాలు, మబ్బు రోజున నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆడదాన్ని ఏమైందని అడగక్కర్లేదు, ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటివాళ్లను ఎంతమందిని చూశాను, వాళ్లందరూ వెళ్లేది ఒక్క చోటికే, మోంఫ్లూరీలో వకీలమ్మ ఇంటికి, బోర్డు లేని ఇల్లు, దెబ్బలు తిని వచ్చేసిన ఆడవాళ్లకు గురువారం గురువారం కాగితాలు రాసిపెట్టే ఇల్లు, ఆ ఇంటి ముందు స్టాపులో దిగితే ఎదురుగా కాఫీ అంగడి, వీధి వీధంతా చూస్తుంది, అందుకని చెప్పాను, పంతొమ్మిదో నంబరు ఎక్కు, ఒక స్టాపు ముందే, పాత మిల్లు దగ్గర దిగు, రొట్టెల బట్టీ వెనక సందులోకి తిరుగు, సందు చివర నీలం తలుపు, రెండుసార్లు తట్టు, ఎవరి కంటా పడవు, ఆమె కన్నంలోంచి వేళ్లు లోపలికి పెట్టి నా వేళ్లు పట్టుకుంది, ఎవరికీ చెప్పకు పిన్నీ, నీ బిడ్డల మీద ఒట్టు అంది, నాకు బిడ్డలు లేరమ్మా, నా కళ్ల మీద ఒట్టు అన్నాను, అప్పటి నుంచి మెగ్రీన్‌లో వాళ్ల మేనత్త దగ్గర ఉంటూ ప్రతి గురువారం తొమ్మిదిన్నర బస్సులో వెళ్లొచ్చేది, తిరుగు దారిలో బార్సిలోన్‌లో దిగితే నా వైపు చూసి తల కొంచెం వంచేది, ఆ తరువాత ఒక రోజు ఆమె మొగుడు లొత్ఫీ వచ్చాడు, మంచి చొక్కా, షోకుగా చెవి వెనక మల్లెమొగ్గల గుత్తి, ఎంత మర్యాదో, అక్కా, మా ఆవిడకు ఒంట్లో బాగోలేదు, మందులు మరిచిపోయి వచ్చేసింది, ఆకుపచ్చ కోటు, ఏ బస్సెక్కిందో చూశారా అన్నాడు, అయ్యో నాయనా, లా మార్సా రైలెక్కిందిగా, సముద్రపు గాలికేమో అన్నాను, పరుగెత్తాడు, ఊరికి ఆ చివరికి పంపించేశాను, ఆ కథ ఖులూద్‌కు అభినయం చేసి మరీ చెప్పాను, వాడి గొంతు పెట్టి, చెవి వెనక పువ్వు సర్దుకోవడం కూడా చేసి చూపించాను, ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం, నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంటూ ఖులూద్ అడిగింది, మరి నిజంగా ఎటు వెళ్లింది పిన్నీ, ఇంకా చెప్పు అని, చెప్పాను.

ఇవాళ ఏ వారం, గురువారం, అడగకూడదు, అడగాలి, దలీలా, ఆడవాళ్లకు కాగితాలు రాసిపెట్టే వకీలమ్మ ఇంటికి ఎలా వెళ్లాలి అన్నాను, అదే తేనె గొంతు, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, గురువారం తొమ్మిదిన్నర పంతొమ్మిదో నంబరులో వెళ్లండి, ఆడవాళ్లు ఎక్కువగా దాంట్లోనే వెళతారు, ఇంటి ముందు కాకుండా పాత మిల్లు దగ్గర దిగండి, రొట్టెల బట్టీ వెనక సందు, చివర నీలం తలుపు, రెండుసార్లు తట్టండి, ఎవరి కంటా పడరు, ఇంకేమైనా సాయం కావాలా అంది, నా పక్కనాయన తల తిప్పి చూశాడు, నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చి ఉంటుంది, ఈ మెట్రోలో ఎంతమంది చేతిలో ఫోనుందో అన్ని ఫోన్లలో ఆ నీలం తలుపు ఉంది, అడిగినవాడు ఎవడని అది అడగదు, లా మార్సా రైలెక్కించి పంపడం దానికి రాదు.

వకీలమ్మ ఇంటికి ఫోను చేశాను, తొమ్మిదిన్నర దాటితే గాని అక్కడ ఎవరూ ఎత్తరు, వసీలా నంబరు నా దగ్గర లేదు, అలాంటివాళ్ల నంబర్లు నేను అడగను, ఖులూద్‌కు చేశాను, మోగింది, ఎత్తదు, మళ్లీ చేశాను, ఎత్తదు, అప్పుడు రాశాను, పాత మిల్లు దారి, నీలం తలుపు, అని ఆ రెండు ముక్కలే, వెంటనే తనే ఫోను చేసింది, పిన్నీ అంది, రెండు నెలల తరువాత ఆ పిలుపు వినగానే నా కోపమంతా ఒక్కసారి మీదికి తోసుకొచ్చింది, నువ్వు నా పక్కన కూర్చుని నా అన్నం తిన్నావు అన్నాను, ఆ దారి ఎవరికీ చెప్పకూడనిదని నీకు తెలియదూ అన్నాను, తెలుసు పిన్నీ, నేను గుర్తుపెట్టి పక్కన వేశాను, పైవాళ్లు మొత్తం ఫైలు తీసేసుకున్నారు, ఒక్కొక్కటి నేను చదివి తీసేలోపే ఎక్కించేశారు అంది, చెప్పలేకపోయావా అంటే, నాకూ ఉద్యోగం కావాలిగా పిన్నీ, ఒప్పందం మూణ్ణెల్లకోసారి రాస్తారు, నోరెత్తితే బేజా బస్సెక్కాల్సిందే అంది, తరువాత కోపంగానో ఏడుపుగానో తెలియని గొంతుతో, అయినా ఎర్ర చుక్క నీ కళ్ల ముందే వెలుగుతుండేది, ఇది వద్దు, ఆపెయ్ అని ఒక్కసారైనా అన్నావా అంది, ఇప్పుడు తీసెయ్, ఈ నిమిషమే తీసెయ్ అన్నాను, తీయడానికి అర్జీ పెట్టాలి, రెండు రోజులు పడుతుంది అంటూ ఏవో మీటలు నొక్కుతున్న చప్పుడు, ఉన్నట్టుండి ఆగిపోయింది, పిన్నీ, ఇది ఈ పది రోజుల్లో ఒకే ఫోను నుంచి పదకొండుసార్లు అడిగారు, ఇవాళ పొద్దున కూడా అడిగారు, పంతొమ్మిది ఎక్కడుందని, లొత్ఫీ, ఇంకెవడు, ఫోను పెట్టేశాను.

తొమ్మిదీ అయిదు, బార్సిలోన్ దాకా ఇలాగే వెళ్లి అక్కడ పంతొమ్మిది పట్టుకోవాలి, ముప్పై ఒక్క ఏళ్ల లెక్క అది, కళ్లు మూసుకుని చెప్పగలను, కాని ఎందుకో నమ్మకం కలగలేదు, ఎవరిని అడగాలి, ఎవరున్నారు అడగడానికి, దలీలా అన్నాను, పళ్లు బిగపట్టుకుని, పంతొమ్మిది పాత మిల్లుకు చేరేలోపు నేను దాంట్లో ఎక్కాలి, ఎలా, అది చెప్పింది, రిపబ్లిక్ స్టేషన్ దగ్గర కరెంటు తీగ తెగింది, మెట్రో అక్కడ ఆగిపోతుంది, ముందుకు వెళ్లకండి, బాబ్ సాదూన్‌లో దిగండి, ఏప్రిల్ తొమ్మిది అనే రోడ్డు మీదుగా వెళ్లే బస్సు నాలుగు నిమిషాల్లో వస్తుంది, బాబ్ ఎల్ ఫెల్లాలో దిగితే పంతొమ్మిది మీకు ఆరు నిమిషాల తరువాత అందుతుంది, నా లెక్కలో వెళ్లి ఉంటే రిపబ్లిక్‌లో చిక్కుకుపోయేదాన్ని, దిగాను, తలుపు మూసుకుంటుంటే ఆ బిగించిన జుట్టు పిల్ల ఇంకా లోపలే కూర్చుని ఉంది, రోడ్డు దాటి పరుగెత్తాను, ఈ మోకాళ్లతో పరుగెత్తాను, బస్సు సరిగ్గా నాలుగు నిమిషాలకు వచ్చింది, కిక్కిరిసి ఉంది, ఎవరి మోచెయ్యో నా మెడ మీద, ఎవరి సంచీలోంచో సోంపు వాసన, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నా శత్రువు చెప్పే ప్రతి మాటా వింటున్నాను, పంతొమ్మిది బాబ్ అలివా నుంచి బయల్దేరింది, పంతొమ్మిది ఒక నిమిషం ఆలస్యంగా ఉంది, మీరు తరువాతి స్టాపులో దిగాలి, ఎంత బాగా చెబుతోంది, ఇదే క్షణంలో లొత్ఫీకి కూడా ఇంతే బాగా చెబుతోంది, అతను ఎక్కడ కూర్చున్నాడో, రొట్టెల బట్టీ అరుగు మీదనా, కాఫీ తాగుతూనా, పంతొమ్మిది రెండు స్టాపుల దూరంలో ఉందని వింటూనా.

పంతొమ్మిది డ్రైవరు హమ్మాది, దేవుడు అంతవరకు దయ తలచాడు, నన్ను చూడగానే ఏం మొంజియా, గొడుగులన్నీ పంచిపెట్టేశావా, ఇటొచ్చావు అన్నాడు, లోపలికి చూశాను, వెనక నుంచి మూడో వరసలో ఉంది వసీలా, ఆకుపచ్చ కోటు కాదు, బూడిద రంగుది, ఒళ్లో ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు, నన్ను చూసి ముఖం విప్పారింది, ఎంత బాగా నవ్వుతుందో అప్పుడే చూశాను, పిన్నీ, ఇవాళ్టితో సంతకాలు అయిపోతాయి, వచ్చే నెల విడాకుల తీర్పు అంది, నేను హమ్మాది భుజం దగ్గరకు వంగి పాత మిల్లు దగ్గర ఆపకు అన్నాను, ఆపకపోతే కాగితం రాస్తారు నా మీద అన్నాడు, రాయనీ, నేను వచ్చి చెబుతాను, ఒక ప్రాణం సంగతి అన్నాను, అద్దంలో నా ముఖం చూశాడు, నేను వెళ్లి వసీలా ముందు నిలబడ్డాను, కిటికీకీ ఆమెకూ మధ్య, కోటు గుండీలు విప్పి రెండు పక్కలా తెరిచి పట్టుకున్నాను కోడి రెక్కలు చాపినట్టు, తల దించు, లేవకు అన్నాను, ఎందుకని అడగలేదు, దించింది, అలా అడగకుండా తల దించడం ఆమెకు ఎంత అలవాటో అనిపించింది, బస్సు వేగం తగ్గకుండా పాత మిల్లు దగ్గరకు వచ్చింది, వెనక ఒక ముసలాయన ఆపు, ఆపవయ్యా, నేను దిగాలి, ముందు స్టాపు నుంచి వెనక్కి నడవడానికి నా కాళ్లేమైనా నీ కంపెనీ ఇచ్చిందా అని కేకలు, నేను కోటు సందులోంచి చూశాను, బట్టీ ముందు లొత్ఫీ నిలబడి ఉన్నాడు, అదే మర్యాద, అదే ఇస్త్రీ చొక్కా, ఫోను చెవి దగ్గర, బస్సు ఆగుతుందని రెండడుగులు ముందుకు వేశాడు, ఆగలేదు, అతని ముఖంలో కోపం కాదు, ఆశ్చర్యం, ఫోను చెవి దగ్గర నుంచి తీసి దాని వంక చూసుకున్నాడు, అబద్ధం చెప్పిందా ఇది అన్నట్టు, హమ్మాది వకీలమ్మ ఇంటి ముందూ ఆపలేదు, ఆ తరువాతి స్టాపులోనూ ఆపలేదు, బస్సంతా గోల, గెలిచాననిపించింది, ఒక్క క్షణం, కౌంటరు అద్దం వెనక కూర్చున్నప్పటి మొంజియాలా అనిపించింది.

వసీలా తల ఎత్తింది, అతనేనా అంది, అవునన్నాను, పోయిన గురువారం తిరుగు బస్సు కిటికీలోంచి బట్టీ దగ్గర అతనిలాంటి మనిషి కనబడ్డాడు, భయంకొద్దీ అలా అనిపించిందేమో అనుకున్నాను, అంటే నిజమేనన్నమాట అని నెమ్మదిగా అంది, తరువాత నా ముఖంలోకి చూసింది, కళ్లద్దాలు లేవు ఇప్పుడు, ఎడమ కంటి కింద సన్నటి గీత మిగిలి ఉంది, ఈ దారి ఎవరికి తెలుసు పిన్నీ, నువ్వు చెబితే నేను విన్నాను, మా మేనత్తకు కూడా చెప్పలేదు, అతనికెలా తెలిసింది అంది, జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది, పొద్దుటి నుంచీ నోట్లో నానబెట్టుకుంటున్న జవాబు, ఖులూద్ అని ఒక పిల్ల ఉంది, కూతురిలా చూసుకున్నాను, నా దగ్గర కూర్చుని అన్నీ రికార్డు చేసుకుని కంపెనీకి ఇచ్చేసింది, నన్ను నిలువునా ముంచేసింది, చెప్పాను, అంతా చెప్పాను, దలీల సంగతీ, ఎర్ర చుక్క సంగతీ, నా కౌంటరు మూసేసిన సంగతి కూడా, ఆమె ఓపికగా వింది, అయిపోయాక అంది, ఆ ఖులూద్ ఎవరో నాకు తెలియదు పిన్నీ, నేను చెప్పుకున్నది నీతో.

గొంతు పెంచలేదు, తిట్టలేదు, కాగితాల కవరు గుండెకు ఆనించుకుని లేచి నిలబడింది, అక్కడ నుంచి వకీలమ్మకు ఫోను చేసింది, ఈసారి ఎత్తారు, నాకు వినబడకుండా అటు తిరిగి రెండు మాటలు మాట్లాడింది, నాకు వినబడకుండా, నా నుంచి దాచుకుంటూ, బస్సు ఆగగానే దిగి జనంలో కలిసిపోయింది, వెనక్కి తిరిగి తల వంచలేదు, అదే సమయానికి ఫోనులో ఖులూద్ నుంచి ముక్క వచ్చింది, అర్జీ పెట్టకుండా నేనే తీసేశాను పిన్నీ, ఏమంటారో చూడాలి అని, రెండు నెలలుగా ఆ పిల్ల నుంచి ఒక్క మంచి ముక్క కోసం ఎదురుచూశాను, ఇప్పుడు వస్తే సంతోషం లేదు, కోపమూ లేదు, కోపాన్ని వెతికితే ఎక్కడా దొరకడం లేదు, హమ్మాది అద్దంలోంచి దిగుతావా మొంజియా అంటున్నాడు, నేను వసీలా వదిలి వెళ్లిన సీట్లో కూర్చుండిపోయాను, ఇంకా వెచ్చగా ఉంది, ఖులూద్ నా దగ్గర నుంచి పట్టుకుపోయింది నా మాటలనే, నా ఊపిరాడే బస్సులూ, నా మోకాళ్లూ, అవి పోతే నాకు పోయింది ఒక కుర్చీ, కాని ఆ మధ్యాహ్నం కౌంటర్లో లొత్ఫీ గొంతు పెట్టి నవ్వించినప్పుడు, ఇంకా చెప్పు అన్న ఒక్క మాట కోసం నేను ఇచ్చేసింది నాది కాదు, ఒక ఆడది వణుకుతున్న వేళ్లతో నా చేతిలో పెట్టి దాచమన్న తన ప్రాణం, ఖులూద్ దాన్ని కంపెనీకి ఇవ్వడానికి ఎంతో ముందే, ఎవరూ బలవంతం చేయకుండా, ఒక పిల్ల నన్ను మెచ్చుకోవాలని, దాన్ని నేనే ఇచ్చేశాను.